జుట్టు చాటు కుట్లు

మొహం, మెడ బిగించే ఆపరేషన్ గురించి ఎవరైనా నన్ను అడిగితే, ముందు నేనే వాళ్ళని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో మాటకు ముందు మొక్కుకునే పెద్దావిడ ఎవరైనా ఉందా అని. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. బీపీ ఉందా, షుగరు ఉందా, ఏం మాత్రలు మింగుతున్నావు అని డాక్టరమ్మ అన్నీ అడుగుతుంది. ఇది మాత్రం అడగదు. నన్నూ అడగలేదు.

గుడియాత్తంలో మాది లుంగీల కొట్టు. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. ఇంట్లో తెలుగు, కొట్లో అరవం, తిట్టుకునేటప్పుడు రెండూ. నాకు తెలుగు రాయడం చదవడం మా నాయన నేర్పించాడు. మా పుట్టిల్లు పరదరామి, నాలుగు అడుగులేస్తే ఆంధ్రా. నా భర్తకు మాత్రం తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

అసలు గొడవంతా కొట్లో కెమెరాలు పెట్టించడంతో మొదలైంది. గల్లా పెట్టె పక్కనే చిన్న టీవీ, అందులో కొట్టు నాలుగు మూలలూ కనిపిస్తాయి. ఒక మధ్యాహ్నం అందులో ఎవరో ఆడమనిషి గల్లా దగ్గర కూర్చుని ఉంది. గడ్డం కింద తోలు వేలాడుతోంది, చెంపలు జారి నోటికి రెండు వైపులా సంచుల్లా ఉన్నాయి. ఎవరీమె, నా చోట్లో కూర్చుంది అనుకున్నాను. ఆమె కూడా నాలాగే టీవీ వైపు చూస్తోంది. నేను చెయ్యెత్తితే ఆమె ఎత్తింది. ఆ రోజంతా నాకు కొనుగోలుదార్ల మీద కోపంగానే ఉంది.

షుగరు వచ్చిందని డాక్టరు భయపెడితే అన్నం తగ్గించి, తెల్లారే నదీ గట్టు మీద నడిచి ఒళ్ళు తగ్గించుకున్నదాన్ని నేను. ఒళ్ళు పోయింది, తోలు మిగిలింది. కనిపించిన ప్రతివాళ్ళూ ఏమ్మా, జబ్బు చేసిందా అని అడిగేవాళ్ళు. ఇంత కష్టపడి ఆరోగ్యం తెచ్చుకుంటే రోగిష్టిదాన్ని చూసినట్టు చూస్తారే అని ఒళ్ళు మండేది. అద్దంలో మనం ఎదురుగా చూసుకుంటాం కాబట్టి అంత తెలీదు. ఆ టీవీ నన్ను పక్క నుంచి, పొద్దున కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా చూపించేది. కెమెరా తిప్పమంటే మా ఆయన, అప్పుడు గల్లా కనపడదు గదా అన్నాడు.

వేలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉందని తెలిసి వెళ్ళాను. ఆమె నా చేతికి అద్దం ఇచ్చి, రెండు చెవుల ముందు వేళ్ళు పెట్టి మెల్లిగా పైకి జరిపింది. అద్దంలో నా పెళ్ళినాటి మెడ కాదు గానీ, నాకు గుర్తున్న నా మెడ కనిపించింది. తోలు లాగి కుట్టేస్తారా అని అడిగాను. అట్లా చేస్తే ఎదురుగాలిలో నిల్చున్నట్టు ఉంటుంది మొహం అంది ఆమె. తోలు కింద ఇంకో పొర ఉంటుందట. దాన్ని ఎత్తి బిగించి, పైన తోలు ఊరికే పరిచి, ఎక్కువైంది కత్తిరించి, లాగకుండా కుట్టాలట. నాకు వెంటనే అర్థమైంది. లైనింగు సరిగ్గా బిగిస్తే పైగుడ్డ దానంతటదే నిలబడుతుంది. గుడ్డ వ్యాపారం చేసేవాళ్ళకి ఇది ఇంకోసారి చెప్పనక్కర్లేదు.

దాచకుండా అన్నీ చెప్పింది ఆమె. మొదటి రోజు లోపల రక్తం చేరే ప్రమాదం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. వాపు, కమిలిన మచ్చలు వారాల తరబడి ఉంటాయి. చెవులు, చెంపలు మొద్దుబారుతాయి, స్పర్శ రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. నవ్వు కొన్నాళ్ళు ఒక పక్కకి పోవచ్చు. ఇది వయసుని కొంచెం వెనక్కి పంపుతుంది, మళ్ళీ ముందుకు నడవడం మాత్రం ఆపదు. కుట్లు ఎక్కడుంటాయి అన్నాను. కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడతలోంచి దిగి, తమ్మె కిందుగా తిరిగి, చెవి వెనక నుంచి మళ్ళీ జుట్టులోకి వెళ్ళిపోతాయి. గడ్డం కింద చిన్నది ఒకటి. ఎవరికీ కనిపించవమ్మా, మీ జుట్టు ఇంత ఒత్తుగా ఉంది, అదే కప్పేస్తుంది అంది. ఆ ఒక్క మాటతో నేను ఒప్పేసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, నీ ఇష్టం అన్నాడు. ఆయన జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట అదే. ఇక మా అత్త.

మా అత్త అంటే మా నాయన తోడబుట్టిన అక్క. నేను పుట్టినప్పటి నుంచీ నాకు అత్తే, ఆమె కొడుకుని చేసుకున్నాక ఇంకొంచెం అత్త అయింది. ఎనభై దాటినా చెవులు బాగా పనిచేసేవి. వంటింట్లోంచే అంతా విని బయటికొచ్చింది.

"ఏందిమే, మెడ తోలు లూజయిందని రవిక మాదిరి కుట్టిచ్చుకుంటావా? ఆ డాక్టరు కాడ మిషను ఉండాదా?"

"ఉండాదత్తా. నీకూ ఒకటి కుట్టిచ్చేదా?"

"నాకొద్దులే. నా మెడ చూసేవాళ్ళెవరుండారు."

వద్దని మాత్రం అనలేదు. ఆపరేషన్ రోజు పొద్దున్నే అందరికంటే ముందు చీర కట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఇంట్లో ఉండు అత్తా, ఆసుపత్రిలో ఎంతసేపని కూర్చుంటావు అంటే, నువ్వాడ కత్తి కింద పండుకోనుంటే నేనీడ తిని కూచోవాల్నా అంది.

మత్తు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తల చుట్టూ, గడ్డం కింద పట్టీలు, చెవుల వెనక నుంచి సన్నటి గొట్టాలు, దిండ్ల మీద సగం కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టారు. నొప్పి కంటే బిగుతు ఎక్కువ. అంతా బాగానే జరిగిందని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి ఎడమ చెవి కింద ఏదో ఉబ్బుతున్నట్టు, లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టు అనిపించింది. నర్సమ్మ వేలు పెట్టి చూసి పరిగెత్తింది. డాక్టరమ్మ వచ్చి, లోపల రక్తం చేరింది, ఇప్పుడే తీసేయాలి, భయం లేదు అంది. భయం లేదు అంటూ చకచకా బండి తోసేవాళ్ళని చూస్తే ఎవరికైనా భయమే. తలుపు దాకా ఎవరో నా పాదం పట్టుకుని వచ్చారు. మెట్టెలున్న వేలు గట్టిగా పట్టుకున్న ఆ చెయ్యి అత్తది. తలుపు దగ్గర ఎవరో విడిపించారు.

రెండోసారి బయటికొచ్చాక నేను బాగానే ఉన్నాను. ఇలా కావడం అరుదేమీ కాదని, వెంటనే పట్టుకున్నాం కాబట్టి నష్టం లేదని డాక్టరమ్మ అంది. ఎడమ వైపు మాత్రం స్పర్శ రావడం ఆలస్యం కావచ్చు అంది.

ఇంటికొచ్చాక మొదటి వారాల సంగతి ఏం చెప్పను. మొహం గుమ్మడికాయ. కమిలిన ఊదారంగు రోజుకో జానెడు కిందికి దిగి మెడ మీదికి, రొమ్ము మీదికి వచ్చి పసుపుపచ్చగా మారింది. నవ్వితే నోరు కుడి పక్కకి పోయేది, కాబట్టి నవ్వడం మానేశాను. చెవులు నావి కావు, ఎవరివో తెచ్చి అతికించినట్టు. కమ్మలు పెట్టుకుంటే పెట్టుకున్నట్టు తెలిసేది కాదు. రెండో వారంలో ఏ కారణం లేకుండా ఏడుపు మొదలైంది. ఇదీ మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా. ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అని గోడ వైపు తిరిగి ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లో నాకు చాకిరీ చేసింది ఎనభై దాటిన ఆ మనిషి. నమలకూడదని రాగిజావ కాచి చెంచాతో పోసేది. జారిపోకుండా వీపు వెనక దిండ్లు సర్దేది. రోజూ సాయంత్రం నా ముందు కూర్చుని, రెండు చేతులూ నా బుగ్గల మీద పై నుంచి కిందికి మెల్లిగా జరిపి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచేది. "ఎవురి కండ్లు పడినాయో నా కోడలి మీద" అనేది. చూసి కన్ను పెట్టేంత మొహమా అత్తా ఇది అనేదాన్ని. ఆమె చేతులు నా బుగ్గల మీదికి రావడం కంటికి కనిపించేది. తగిలినట్టు మాత్రం తెలిసేది కాదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, చెబితే కంగారు పడుతుందని.

తలంటుకోవచ్చు అన్న రోజున అత్తే నీళ్ళు కాచింది. కుట్ల మీద ఒత్తకుండా, వేళ్ళతో పాయలు పాయలుగా తీసి కడుగుతోంది. నేను తొందరపడి చిక్కు తీసుకోబోతే చెయ్యి మీద కొట్టింది.

"మెల్లిగా పట్టుకోమ్మే. ఇంగ ఆ జుట్టు నీది గాదు."

"మరెవురిది?"

"తిరుత్తణి సామిది."

నాకు అర్థం కాలేదు. ఆమె చెంబు పక్కన పెట్టి, ఏమీ కానట్టు చెప్పింది.

"రెండోతూరి నిన్ను లోపలికి తీసకపోయినారే, అప్పుడు మొక్కినా. నా కోడల్ని ప్రాణంతో బయటికి పంపు సామీ, దాని తలనీలాలు నీకిప్పిస్తా అని. పంపించినాడు గదా."

డాక్టరమ్మ ఎంతో జాగ్రత్తగా, ఒక్క కుట్టు కూడా బయటికి కనపడకుండా జుట్టు చాటున దాచి పెట్టింది. ఆ జుట్టునే ఈ మహాతల్లి దేవుడికి ఇచ్చేసింది. గుండు కొట్టిస్తే కణత నుంచి మెడ వెనక దాకా రెండు వైపులా గీతలు గీసినట్టు ఊరందరికీ కనిపిస్తాయి. లుంగీల కొట్టామె మొహం కుట్టించుకుందట అని సంత నుంచి బస్టాండు దాకా చెప్పుకుంటారు.

"నా జుట్టుకి నువ్వెట్ల మొక్కుతావత్తా? నన్నడగాల్సిన పన్లే?"

"అడిగే మాదిరి ఉండినావా నువ్వు? పెద్దదాన్ని, నాకు తోచింది నేను చేసినా."

"కావడి ఎత్తిస్తానని మొక్కుంటే ఎత్తేదాన్ని గదా. జుట్టే దొరికిందా నీకు?"

"ఆ పొద్దు నీ కాడ ఉండే మంచి వస్తువు ఏందా అని ఆలోచన చేసినా. నాకు జుట్టు తప్ప ఇంకేమీ కనపళ్ళా."

నేను వ్యాపారం చేసేదాన్ని, ఊరికే వదల్ను. రెండు రోజులాగి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు కత్తెర్లు ఇస్తానత్తా, ఆడోళ్ళు ఎంతమంది అట్ల ఇయ్యడంలే అన్నాను. మూడు కత్తెర్లని నేను మొక్కలే, గుండని మొక్కినా, సామి కాడ అంగడి బేరమా అంది. అప్పటికే ముడుపు కట్టేసింది. ఆసుపత్రిలో కొంగు చివర ముడేసుకున్న రూపాయి బిళ్ళని పసుపు గుడ్డలోకి మార్చి, సామి పటం ముందు పెట్టింది. దీపం పెట్టినప్పుడల్లా నాకు కనిపించేట్టు కొంచెం ముందుకు జరిపేది.

"నేనూ పక్కనుండాల" అంది ఒకరోజు. "మొక్కింది నేను గదా. నున్నగా గీకినంక నీ తలకి గంధం నా చేత్తోనే పుయ్యాల. అదొకటి చూసేస్తే ఇంగ నాకేమీ వద్దు."

తర్వాతిసారి వేలూరు వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగాను, గుండు కొట్టించుకోవచ్చా అని. ఆమె పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. ఇంతమందికి చేశాను గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదమ్మా అంది. తర్వాత ఆలోచించి చెప్పింది. ఆరు నెలలు పోతే కత్తి తగిలినా ఇబ్బంది లేదు, మచ్చలు తెల్లబడి పెద్దగా కనిపించకుండా పోవాలంటే మాత్రం ఏడాది పైనే పడుతుంది అని. ఇంటికొచ్చి అత్తకి ఏడాది అని చెప్పాను. డాక్టరు చెప్పిందా అంది. చెప్పింది అన్నాను. అబద్ధమేమీ కాదు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో సగం.

ఆ ఏడాది నాకు ఎందుకు కావాలో కూడా రాస్తాను. పరదరామిలో మా తమ్ముడి కూతురి పెళ్ళి ఆవణి మాసంలో, అంటే ఇంచుమించు మన శ్రావణంలో పెట్టుకున్నారు. ఇంత డబ్బు పోసి, ఇంత బాధపడి తెచ్చుకున్న మెడ. దాంతో ఒక్క పెళ్ళి, ఒక్కటంటే ఒక్కటి, మా వాళ్ళందరి మధ్యా తిరగాలని ఉండేది. ఆశ పడ్డాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. దానికోసం ఆమెని ఆపాను చూడండి, అదే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆవణికి ముందు ఆడి నెలలో వచ్చే కృత్తిక తిరుత్తణి సామికి పెద్ద పండగ, దానికి పోదామా అని అత్త అడిగింది. పెళ్ళయినాక పోదాంలే అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే అనుమానపడాలని నాకు తెలిసి ఉండాల్సింది. కృత్తిక నాడు పొద్దున్నే తల్లీ కొడుకులు బయల్దేరారు, ఊరికే సామిని చూసి వస్తామని. సాయంత్రం ఆమె ఆటో దిగుతుంటే తల మీద కొంగు మరీ కిందికి లాక్కుని ఉంది. గడప దాటి కొంగు తీసింది. నున్నటి గుండు, దాని మీద ఎండి పగిలిన గంధం.

ఆమె జుట్టు ఏపాటిది. వక్కంత ముడి. అయినా ఆ ముడి నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది. మా ఆయన మీద పడ్డాను. నువ్వెట్ల ఒప్పుకున్నావు, కన్నతల్లికి ఈ వయసులో గుండు కొట్టించి తీసుకొస్తావా, నీకు మతి ఉండాదా అని అరిచాను. ఆయన చెప్పులు విప్పుకుంటూ, ఆమె ఇష్టం అన్నాడు.

"వాణ్ణెందుకు అరుస్తావు" అంది అత్త. "సామి ఎదురు చూస్తా ఉండాడు గదా. ఉత్త చేతుల్తో ఎట్ల పొయ్యేది ఆయన ముందరికి? నా కోడలు వస్తాది, రొంత ఓర్చుకో అని చెప్పి వచ్చినా. ఈ గుండు ఆయన ఓర్చుకునేదానికి. నీది నీదే. అది తీరలే."

"గంధం ఎవురు పూసినారు?" అన్నాను.

"నీ మొగుడే. చెయ్యి మోటు. కండ్లల్లో పోసినాడు."

ఆ సాయంత్రం నేనే ఆమె తలకి వేడినీళ్ళు పోసి గంధం కడిగాను. నడినెత్తి మీద చిన్న గుంట తగిలింది. ఇదేంది అత్తా అంటే, చిన్నప్పుడు మీ నాయన రాయి విసిరినాడు, ఎవరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాడు, చెప్పలే అంది. అన్నేళ్ళు ఆ జుట్టు కింద దాచుకుంది ఆమె కూడా. కానీ తీసెయ్యాల్సి వచ్చినప్పుడు తీసేసింది. నేనింకా పెళ్ళిలో ఏ హారం వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. మెడ నిండా హారం వేసుకున్నాను. ఏం పిల్లా, ఏమి తింటాండావు, పదేండ్లు తగ్గినావే అని మా పిన్నమ్మలు గడ్డం పట్టుకుని చూశారు. నడకలే పిన్నమ్మా అన్నాను. అత్త పందిట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. అప్పుడే మొలుస్తున్న తెల్లటి వెంట్రుకలు, పైన కొంగు. వచ్చిన ప్రతివాళ్ళూ ఈ వయసులో గుండెందుకు, ఏం మొక్కు అని అడగడమే. కోడలికి ఒంట్లో బాగలేకపోతే మొక్కినా అని చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. ఇంత బాగుండావే, నీకేమొచ్చింది అన్నారు. షుగరు అన్నాను. అత్త విన్నది. కొంగు సర్దుకుని పెళ్ళికూతురి వైపు చూస్తూ కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది, ఫోటోలు బాగా తీసినారా అని. తీసినారత్తా అన్నాను. అయితే ఇంగ పోదామా అంది. ఆ అడగడంలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే అడిగింది. కార్తీకంలో పోదాం అన్నాను. ఈసారి మాట మాటే. మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఉండనీ అనుకున్నాను. కార్తీక కృత్తికకి ముందు రోజు ఆమెని తీసుకుని అరక్కోణం దాకా ఏ రైలుకి పోవాలో కూడా మా ఆయన చూసి పెట్టాడు. అత్త ఒక మంచి గంధం చెక్క తెప్పించి, తడవకుండా ముడుపు పక్కన పెట్టుకుంది. కొట్లో దొరికే పొడి మంచిది కాదంట, అరగదీసి పూస్తేనే చల్లగా ఉంటుందంట.

ఆ కృత్తిక రాలేదు. అంటే, వచ్చింది, ఆమె లేదు. కొద్ది రోజుల ముందు, పొద్దున కాఫీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, పక్కకి ఒరిగింది. అంబులెన్సులో నేను ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాను. దారిలో కే.వి.కుప్పం దాటేసరికే ఆ పాదంలో ఏమీ లేదని తెలిసింది. అయినా వేలూరు దాకా వదల్లేదు. అక్కడ తలుపు దగ్గర ఎవరో విడిపించారు.

కర్మలు అయిపోయాక ముడుపు సంగతి ఎత్తాను. వెంటనే పోయి తీర్చేస్తాను అన్నాను. మా వాళ్ళలో పెద్దలు ఒప్పుకోలేదు. ఇంట్లో పెద్దప్రాణం పోయింది, ఏడాది దాకా కొండ ఎక్కకూడదు అన్నారు. మచ్చలు మానడానికి ఏడాది కావాలని ఆమె దగ్గర అడిగినదాన్ని నేను. నాకు ఏడాది ఇచ్చారు.

ఆ ఏడాదిలో డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. నవ్వు సరిగ్గా మధ్యకి వచ్చింది, నవ్వే పని ఎక్కువ లేకపోయినా. మచ్చలు తెల్లబడ్డాయి. చివరిసారి చూపించుకోవడానికి వెళితే, ఆమె జుట్టు పక్కకి తీసి చూసి, చాలా బాగా మానాయి, నాకే వెతుక్కోవాల్సి వస్తోంది అని సంతోషపడింది. నేనూ థాంక్స్ చెప్పాను. ఆమె పని ఆమె చక్కగా చేసింది, ఆమెని అనడానికి ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని ఉంటే ఎడమ చెంప మీద ఏదో పాకింది. చెయ్యి దానంతటదే లేచి తోలింది. ఈగ. చెయ్యి అట్లాగే గాల్లో ఆగిపోయింది. ఎడమ చెంప మీద ఈగ వాలితే నాకు తెలిసింది. వేళ్ళతో తడుముకున్నాను. బుగ్గ, చెవి తమ్మె, చెవి ముందు మడత, అన్నీ నావే, అన్నీ తెలుస్తున్నాయి. లుంగీలు చూస్తున్న మనిషి ఏమైందమ్మా అని అడిగేంత గట్టిగా ఏడ్చాను. ఏం చెప్పాలి ఆయనకి. ఈగకి దక్కింది మా అత్తకి దక్కలేదని చెప్పాలా.

ఏడాది తీరగానే నేనూ మా ఆయనా బయల్దేరాం. గుడియాత్తంలో రైలెక్కి, అరక్కోణంలో మారి, తిరుత్తణిలో దిగి, మెట్లెక్కాం. ముడుపు నా కొంగులో, గంధం చెక్క మా ఆయన సంచిలో. తలనీలాలు తీసే చోట వరుసగా కూర్చుని ఉన్నారు జనం. నా వంతు వచ్చింది. మంగలాయన నీళ్ళు పోసి నాననిచ్చి కత్తి పెట్టాడు. నడినెత్తి నుంచి పాయలు ఒళ్ళో పడుతున్నాయి. చెవి దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"ఆపరేషనామ్మా?" అని అరవంలో అడిగాడు.

"ఆమా" అన్నాను, అవునని.

"తలలోనా?"

"కాదు. మొహానికి. ముడతలు తీయించుకున్నా."

మొట్టమొదటిసారి ఒక పరాయి మనిషికి నా నోటితో చెప్పడం అదే. ఆయన ఓహో అని, ఆ పక్కన ఇంకొంచెం మెల్లిగా గీసి, అయిపోయిందమ్మా లేవండి అన్నాడు. అంతే. నేను తలెత్తి చూశాను. చంటిపిల్లలు, మగవాళ్ళు, నా వయసు ఆడవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఎక్కడ చూసినా గుండ్లే. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరి తొందర వాళ్ళది. ఈ చూడని జనానికి భయపడి నేను ఆమెని ఆపాను.

స్నానం చేసి వచ్చాక మా ఆయన మెట్టు మీద కూర్చుని గంధం అరగదీశాడు. అలవాటు లేని పని, చాలాసేపు పట్టింది. నేను కింది మెట్టు మీద కూర్చుని తల వంచాను. రెండు చేతులతో తీసి పూశాడు. అత్త చెప్పింది నిజమే, చెయ్యి మోటు. నడినెత్తి మీద చల్లగా తగిలింది. కణతల మీద, చెవుల వెనక, ఎడమ వైపు కుట్టు పొడుగునా, మెడ మీదికి కారిన చుక్క కూడా తెలిసింది. ఒక్క చోట కూడా మొద్దుబారి లేదు. ఆమె రోజూ సాయంత్రం రెండు చేతులూ నా బుగ్గల మీద పెట్టినప్పుడు, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నాకు తెలియలేదు.

"సల్లగుండాదా?" అన్నాడు మా ఆయన.

"ఉండాది" అన్నాను.

"కండ్లు మూసుకో, కారతాంది."

మూసుకున్నాను.